కొత్త బ్యాటరీ వేసినా నిలవని పాత బండి: ఛార్జింగ్ వైరింగ్‌లో లోపాన్ని వరుసగా పట్టుకునే విధానం

"బ్యాటరీ మార్చాము, రెక్టిఫైయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం) మార్చాము, అయినా కొన్ని నెలలకే హారన్ మూగబోతోంది, ఇండికేటర్లు వెలిగి ఆరడం మానేసి గుడ్డిగా వెలుగుతున్నాయి, ఇంకేం మార్చాలి?" అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఇంకేమీ మార్చనక్కర్లేదు, ముందు కొలవాలి. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన బండిలో కాయిల్ బాగానే కరెంటు పుట్టిస్తున్నా, అది బ్యాటరీ దాకా చేరే దారిలో చిలుము పట్టిన పిన్ను గానీ, పట్టు తప్పిన ఫ్యూజు గానీ, రంగు పొరమీద బిగించిన ఎర్తింగ్ బోల్టు గానీ సగం వోల్టేజీని తినేస్తుంది. సామాను కొన్నంత మాత్రాన ఆ దారి బాగుపడదు.

ఇక్కడి కొలతలు పాత హీరో హోండా స్ప్లెండర్ తరహా 12 వోల్టుల బండికి సంబంధించినవి. మూడు పసుపు తీగల త్రీ ఫేజ్ కాయిల్ ఉన్న బళ్లకు ఎక్కడ తేడా వస్తుందో ఆయా చోట్ల చెప్పాను. 6 వోల్టుల బ్యాటరీ ఉన్న ఇంకా పాత బళ్లకు బ్యాటరీ దగ్గరి అంకెలు దాదాపు సగం అవుతాయి గానీ పరీక్షల వరుస మారదు.

1. సిద్ధం చేసుకోవలసినవి

- డిజిటల్ మల్టీమీటర్ (డీసీ, ఏసీ వోల్టులు, 10 ఆంపియర్ల స్కేలు ఉన్నది)
- మీటరు తీగలకు తగిలించే మొసలి క్లిప్పులు, నాలుగైదు సన్నని గుండుసూదులు
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సన్నరకం ఉప్పు కాగితం, పాత టూత్ బ్రష్
- క్రింపింగ్ ప్లయర్, బండి కప్లర్లకు (తీగలను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్లకు) సరిపోయే కొత్త టెర్మినళ్లు
- ఎక్కువ పోగులున్న ఆటో వైరు, హీట్ ష్రింక్ ట్యూబు
- సరైన రేటింగ్ ఉన్న ఒకటి రెండు విడి ఫ్యూజులు
- నోటుపుస్తకం, పెన్ను

చివరి వస్తువును తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి కొలతనూ ఏ రెండు చోట్ల, ఇంజిన్ ఏ స్థితిలో ఉండగా తీసుకున్నారో రాసుకుంటే, పనయ్యాక వచ్చే కొలతను దానితో పోల్చి చూసుకోవచ్చు.

ఇంజిన్ నడుస్తూ చేసే పరీక్షలను ఆరుబయటే చేయాలి. బ్యాటరీ తీసేటప్పుడు నెగటివ్ తీగను ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివరగా బిగించాలి. వరుస తప్పితే పాసిటివ్ నట్టు మీదున్న పానా ఛాసిస్‌కు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి "బండి ఆగుతుందా లేదా" అని చూసే అలవాటు కొన్ని షాపుల్లో ఇంకా ఉంది. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి బల్బులూ, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరూ పోయే ప్రమాదం ఉంది కనుక ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు.

2. ఏ తీగ ఏ పని చేస్తుందో గుర్తుపట్టడం

ఈ తరహా బండిలో రెగ్యులేటర్, రెక్టిఫైయర్ కలిసి ఒకే డబ్బాగా ఉంటాయి. మెకానిక్‌లు దాన్ని ఆర్.ఆర్. యూనిట్ అంటారు. దాని కప్లర్‌లో నాలుగు తీగలు ఉంటాయి.

- తెలుపు: మ్యాగ్నెట్ (ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంతం) కాయిల్ నుంచి ఛార్జింగ్ కోసం వచ్చే ఏసీ కరెంటు
- పసుపు: అదే కాయిల్ మధ్య నుంచి తీసిన, హెడ్‌లైటుకు వెళ్లే ఏసీ కరెంటు
- ఎరుపు: ఫ్యూజు గుండా బ్యాటరీ పాసిటివ్‌కు వెళ్లే డీసీ కరెంటు
- ఆకుపచ్చ: ఎర్తింగ్

ఈ అమరిక తెలియకపోతే మూడు చోట్ల పొరపాటు పడతాం. హెడ్‌లైటు కాయిల్ నుంచి నేరుగా వెలుగుతుంది కాబట్టి ఐడ్లింగ్‌లో అది మసకబారడం సహజమే తప్ప ఛార్జింగ్ లోపానికి గుర్తు కాదు. ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చే విద్యుత్తు కూడా పాత స్ప్లెండర్‌లో మ్యాగ్నెట్ దగ్గరున్న వేరే కాయిల్ నుంచే వస్తుంది. అందువల్ల బ్యాటరీ పూర్తిగా చచ్చినా బండి కిక్‌తో స్టార్టవుతుంది, "బండి బాగానే నడుస్తోంది కదా" అన్న మాట ఛార్జింగ్ గురించి ఏమీ చెప్పదు. మూడోది, కాయిల్ ఒక కొన ఇంజిన్ బాడీకే కలిపి ఉంటుంది. తెలుపు తీగకూ బాడీకీ మధ్య మీటరు బీప్ మనగానే "కాయిల్ షార్ట్ అయింది" అని తేల్చేసి మంచి కాయిల్‌ను పారేసినవారు చాలామంది ఉన్నారు. త్రీ ఫేజ్ బళ్లలో మాత్రం పసుపు తీగకూ బాడీకీ మధ్య బీప్ వస్తే అది నిజంగానే షార్ట్.

చేతులు మారిన బండిలో రంగులను గుడ్డిగా నమ్మకండి. ఎవరో ఎప్పుడో దొరికిన రంగు తీగ ముక్కతో అతుకు వేసి ఉంటారు. కప్లర్ దగ్గరి రంగునూ అవతలి కొన దగ్గరి రంగునూ సరిచూసుకుని, మొబైల్‌తో ఫోటో తీసుకున్నాకే ఏదైనా విప్పండి.

3. ముందు బ్యాటరీని తేల్చండి

బలహీనమైన బ్యాటరీతో చేసిన పరీక్షలన్నీ తప్పు ఫలితాలనే ఇస్తాయి. దాన్ని బయటికి తీసి, నీళ్లు పోసే రకమైతే మట్టం పై గీతకూ కింది గీతకూ మధ్య ఉందో లేదో చూడండి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఎయిర్ కండిషనర్ నుంచి కారే నీళ్లు, మరిగించి చల్లార్చిన నీళ్లు దానికి బదులు కావు.

తర్వాత మెల్లగా ఛార్జ్ చేయాలి. కిక్ స్టార్ట్ బండిలో ఉండే 2.5 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే 0.25 ఆంపియర్ సరిపోతుంది. కారు బ్యాటరీలతో కలిపి పెద్ద ఛార్జర్‌కు తగిలిస్తే ఈ చిన్న బ్యాటరీ వేడెక్కి ప్లేట్లు పాడవుతాయి. ఛార్జింగ్ అయ్యాక ఒక రాత్రి కదపకుండా ఉంచి కొలవండి.

- 12.6 నుంచి 12.8 వోల్టులు: నిండుగా ఉంది
- 12.4 వోల్టులు: దాదాపు ముప్పాతిక
- 12 వోల్టులు, అంతకు తక్కువ: ఛార్జింగ్ నిలవడం లేదు
- 10.5 వోల్టుల దగ్గర ఆగింది: ఆరింటిలో ఒక సెల్ పోయింది, మార్చాల్సిందే

నిండుగా కనిపించినా బండిలో బిగించి, బ్రేక్ లైటు వెలుగుతుండగా హారన్ నొక్కి చూడండి. వోల్టేజీ 11 కన్నా కిందికి జారితే ఆ బ్యాటరీతో ముందుకు వెళ్లవద్దు, మంచిదని తెలిసిన మరో బ్యాటరీని అరువు తెచ్చుకుని మిగతా పరీక్షలు చేయండి.

4. బ్యాటరీ దగ్గర మూడు కొలతలు

మీటరును డీసీ 20 వోల్టుల స్కేలులో పెట్టి, ముల్లులను బ్యాటరీ టెర్మినళ్ల లోహానికే ఆనించండి, పైనున్న తీగ లగ్గుకు (తీగ కొనకున్న లోహపు రింగుకు) కాదు. ఇంజిన్ ఆపి ఒకసారి, ఐడ్లింగ్‌లో ఒకసారి, 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒకసారి కొలత రాసుకోండి. టాకోమీటర్ (ఆర్‌పీఎమ్ చూపే మీటరు) లేని బండిలో, మూడో గేరులో 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు వినిపించే ఇంజిన్ శబ్దాన్ని గుర్తుగా పెట్టుకుంటే చాలు.

- వేగం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 వోల్టులు: ఛార్జింగ్ బాగుంది, 9వ భాగానికి వెళ్లండి
- కొద్దిగా పెరిగి 13 లోపే ఆగింది: కరెంటు పుడుతోంది, దారిలో పోతోంది
- ఏమాత్రం పెరగలేదు: తీగ తెగింది, కప్లర్ ఊడింది, లేదా కాయిల్, ఆర్.ఆర్. యూనిట్లలో ఒకటి పోయింది
- 15 వోల్టులు దాటింది: అతి ఛార్జింగ్, ముందు ఆకుపచ్చ తీగను చూడండి

చివరి దాని గురించి ఒక మాట. రెగ్యులేటర్ వోల్టేజీని ఎర్తింగ్‌తో పోల్చి అదుపు చేస్తుంది. దాని ఆకుపచ్చ తీగ తెగినా, వదులైనా ఆ ఆధారం పోతుంది. హెడ్‌లైటు బల్బులు వరుసగా మాడిపోతున్న బండిలో కొత్త యూనిట్ కొనేముందు ఆ ఒక్క తీగను చూడటం మంచిది.

5. వోల్టేజీ ఎక్కడ పోతోందో పట్టుకోవడం

ఈ పనంతటికీ కీలకం ఈ పరీక్షే. మెకానిక్ షాపుల్లో దీన్ని చేసేవారు తక్కువ, ఎందుకంటే తీగను పరీక్షించడమంటే మీటరును బీప్ మోడ్‌లో పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. పదహారు పోగుల తీగలో పదిహేను తెగి ఒక్కటి మిగిలినా మీటరు బీప్ మంటుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. అదే తీగలో ఒక ఆంపియర్ వెళ్లాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఒక అతుకులో అర ఓము నిరోధం ఉంటే ఒక ఆంపియర్‌కు అర వోల్టు అక్కడే పోతుంది. అర ఓమును మామూలు మీటరు ఓముల స్కేలులో చూస్తే అది మీటరు తీగల నిరోధమో అతుకుదో తేల్చుకోలేం.

కాబట్టి కరెంటు ప్రవహిస్తుండగానే తీగ రెండు కొనల మధ్య వోల్టేజీని కొలవాలి. మంచి తీగకు రెండు కొనల మధ్య తేడా దాదాపు సున్నా ఉంటుంది. కప్లర్లను ఊడదీయకుండా, తీగ వచ్చే వెనుక వైపు నుంచి గుండుసూదిని మెల్లగా దూర్చి, దానికి మొసలి క్లిప్పు తగిలించండి. తీగ తొడుగును గుచ్చి కొలిచే పద్ధతి వద్దు, ఆ రంధ్రం గుండా వాన నీరు దిగి అక్కడే కొత్త చిలుము మొదలవుతుంది.

ఇంజిన్‌ను 3,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంచి, ఇండికేటర్ వేసి, ఈ జంటల మధ్య డీసీ వోల్టులు కొలవండి.

- యూనిట్ ఎరుపు పిన్ను, బ్యాటరీ పాసిటివ్: 0.2 వోల్టు మించకూడదు
- యూనిట్ ఆకుపచ్చ పిన్ను, బ్యాటరీ నెగటివ్: 0.1 వోల్టు మించకూడదు
- ఇంజిన్ బాడీ (రంగు లేని చోట), బ్యాటరీ నెగటివ్: 0.1 వోల్టు మించకూడదు
- ఫ్యూజు రెండు కొనలు: 0.1 వోల్టు మించకూడదు

తెలుపు తీగను మాత్రం ఏసీ స్కేలులో, ఇంజిన్ నుంచి వచ్చే కప్లర్‌కూ యూనిట్ కప్లర్‌కూ మధ్య కొలవాలి. అక్కడా 0.2 వోల్టు దాటితే అనుమానించాలి. స్పార్క్ ప్లగ్ తీగకు దగ్గరగా మీటరు పెడితే అంకెలు పిచ్చిగా గెంతుతాయి, కాబట్టి దాన్ని వెనుక చక్రం వైపు ఉంచండి.

ఒక ఉదాహరణ చూద్దాం. బ్యాటరీ దగ్గర 12.9, యూనిట్ ఎరుపు పిన్ను దగ్గర 13.9 వోల్టులు ఉన్నాయనుకోండి. ఒక వోల్టు మధ్యలో ఎక్కడో పోతోంది. ఒక క్లిప్పును బ్యాటరీ పాసిటివ్ దగ్గరే ఉంచి, రెండో ముల్లును యూనిట్ నుంచి బ్యాటరీ వైపు ఒక్కొక్క మజిలీ జరుపుతూ రండి: కప్లర్ వెనుక 0.95, ఫ్యూజు అవతలి కొన 0.9, ఇవతలి కొన 0.1. అంటే 0.8 వోల్టు ఫ్యూజు గూటిలోనే పోతోంది. గాజు ఫ్యూజు బయటికి తీస్తే రెండు టోపీలూ గోధుమరంగుకు తిరిగి, పట్టుకునే ఇత్తడి రెక్కలు వేడికి మెత్తబడి విచ్చుకుని కనిపిస్తాయి. ఫ్యూజు లోపలి తీగ నిక్షేపంగా ఉండటంతో అప్పటిదాకా అందరూ దాన్ని చూసి వదిలేసి ఉంటారు.

పోయేది ఒక్క వోల్టే కదా అనుకోవద్దు. యూనిట్ తన సొంత పిన్ను దగ్గరి వోల్టేజీనే చూసుకుంటుంది కాబట్టి, అక్కడ 14 దాటగానే బ్యాటరీ నిండిందనుకుని కరెంటును తగ్గించేస్తుంది. బ్యాటరీ ఎప్పటికీ నిండదు, సగం ఛార్జింగ్‌లోనే నెలల తరబడి నానుతూ ప్లేట్లు గట్టిపడి చస్తుంది. కొత్త బ్యాటరీలు వరుసగా పోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

6. ముందుగా చూడవలసిన చోట్లు

- ఫ్యూజు గూడు: పైన చెప్పిన తీరు. రెక్కలు వంచి బిగించడం తాత్కాలికమే, బ్లేడు ఫ్యూజు గూడు వేసుకోవడం మేలు.
- యూనిట్ కప్లర్: తెలుపు, ఎరుపు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ కరిగి పసుపు పచ్చబడితే ఆ పిన్ను వేడెక్కుతున్నట్టే.
- స్టీరింగ్ మెడ: హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ వంగే చోటు. ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటరు తగిలించి, హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ అంకె ఊగుతుందేమో గమనించండి.
- ఇంజిన్ ఎడమవైపు నుంచి కాయిల్ తీగలు బయటికి వచ్చే చోటు: చిన్న స్ప్రాకెట్ పక్కనే కాబట్టి చైను నూనె, బురద పేరుకుంటాయి. రబ్బరు తొడుగు ఉబ్బి, తీగ చైనుకు ఒరుసుకుంటుంది.
- ఛాసిస్ ఎర్తింగ్ బోల్టు: ఛాసిస్‌కు మళ్లీ రంగు వేయించిన బండిలో మొదటి అనుమానం దీని మీదే ఉండాలి.
- సీటు కింద: వానాకాలంలో ఎలుకలు కొరికిన తీగలు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి.

విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పు గాలి వల్ల తీగ తొడుగు లోపలికి కూడా చిలుము పాకుతుంది. పిన్ను దగ్గర తొడుగు కోసి చూసినప్పుడు రాగి పోగులు నల్లగా ఉంటే, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ వెళ్లాలి. నల్లబడిన పోగులకు కొత్త టెర్మినల్ వేసినా ప్రయోజనం లేదు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పంపును సైడ్ కవర్ లోపలికి కొట్టించడం కప్లర్లకు చేసే హాని కూడా తక్కువేమీ కాదు.

7. కాయిల్, ఆర్.ఆర్. యూనిట్

దారి బాగుందని తేలాకే వీటి జోలికి రావాలి. ఇంజిన్ ఆపి యూనిట్ కప్లర్ ఊడదీసి, తెలుపు తీగకూ ఇంజిన్ బాడీకీ మధ్య ఓములు కొలవండి. మీటరు ముల్లులను ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే అంకెను అందులోంచి తీసివేయాలి. దాదాపు ఒక ఓము, అంతకన్నా కొంచెం తక్కువ రావాలి. పసుపు తీగకు ఇంకొంచెం తక్కువ వస్తుంది. అసలు రీడింగే రాకపోతే తీగ గానీ కాయిల్ గానీ తెగింది.

తర్వాత కప్లర్ ఊడదీసే ఉంచి, లైటు స్విచ్ ఆపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, తెలుపు తీగకూ బాడీకీ మధ్య ఏసీ వోల్టులు చూడండి. వేగం పెంచేకొద్దీ అంకె సాఫీగా పెరుగుతూ పోవాలి. ఒక చోట ఆగిపోయినా, ఇంజిన్ వేడెక్కాక పడిపోయినా కాయిల్ చుట్లు లోపల కలిసిపోయినట్టు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంట నడిపాక ఒకసారి కొలవడం అందుకే. ఊడదీసిన తీగల్లో కరెంటు ఉంటుంది, చేతులు తగలనివ్వవద్దు. త్రీ ఫేజ్ బండిలో మూడు జంటలనూ కొలిచి, మూడూ ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో చూడాలి.

యూనిట్‌ను మీటరుతో డయోడ్ మోడ్‌లో పరీక్షించి తీర్పు చెప్పడం నమ్మదగిన పద్ధతి కాదు, లోపలి భాగాలు ఒక్కో మీటరుకు ఒక్కోలా స్పందిస్తాయి. తెలుపు తీగలో ఏసీ సరిగా వస్తోంది, నాలుగు తీగల దారీ శుభ్రంగా ఉంది, అయినా ఎరుపు పిన్ను దగ్గర వోల్టేజీ పెరగడం లేదు అన్నప్పుడే యూనిట్ పోయిందనుకోవాలి. కాయిల్ మార్చడానికి మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే క్రాంక్‌కు దెబ్బ, ఆ పని పుల్లర్ ఉన్న షాపుకు వదిలేయండి.

8. తీగను బాగుచేయడం

రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం మన రోడ్డు పక్క వైద్యం. ఎండకు టేపు జిగురు కారిపోయి, ఆరు నెలల్లో అతుకు బయటపడుతుంది. ఇంటి వైరింగ్‌లోని ఒంటి పోగు తీగను బండికి వాడితే వణుకుకు విరిగిపోతుంది. పాత తీగ మందానికి తగ్గని ఎక్కువ పోగుల ఆటో వైరునే వాడాలి.

వరుస ఇది: హీట్ ష్రింక్ ట్యూబును ముందుగా తీగలోకి ఎక్కించుకోవాలి (మరిచిపోతే అతుకు మళ్లీ విప్పాలి), మెరిసే రాగి వచ్చేదాకా తొడుగు తీయాలి, టెర్మినల్ వేసి రాగి మీద ఒక నొక్కు, తొడుగు మీద ఒక నొక్కు ఇవ్వాలి, లాగి చూడాలి, ట్యూబును వేడిచేసి బిగించాలి. సోల్డరింగ్ చేయదలిస్తే రోజిన్ పేస్టే వాడాలి, రేకుల పనికి వాడే యాసిడ్ రాగిని తినేస్తుంది. తగరం పాకిన చోట తీగ పుల్లలా బిరుసెక్కుతుంది కాబట్టి, ఆ భాగం ఊగకుండా జిప్ టైతో ఛాసిస్‌కు కట్టాలి.

ఎర్తింగ్ బోల్టు విప్పి, లగ్గునూ ఛాసిస్‌నూ తెల్లని లోహం కనిపించేలా ఉప్పు కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయాలి. గ్రీజు పూసి తర్వాత బిగించడం కాదు.

తరచూ ఫ్యూజు కొట్టేస్తోందని ఎక్కువ రేటింగ్ ఫ్యూజు గానీ, సిగరెట్ పెట్టెలోని రేకు గానీ పెట్టవద్దు. అప్పుడు ఫ్యూజుకు బదులు సీటు కింది తీగలు కాలుతాయి, వాటి ముందే పెట్రోలు ట్యాంకు ఉంది.

9. బండి ఆపి ఉంచినప్పుడు కారిపోయే కరెంటు

ఛార్జింగ్ వోల్టేజీ బాగున్నా నాలుగు రోజులు వాడకపోతే బ్యాటరీ దిగిపోతోందంటే లోపం ఇక్కడ ఉంది. తాళం ఆఫ్ చేసి, నెగటివ్ తీగ విప్పి, మీటరును 10 ఆంపియర్ల స్కేలులో ఆ తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య తగిలించండి. అంకె సున్నాగా ఉంటే మిల్లీ ఆంపియర్లకు దిగండి. ఈ స్థితిలో తాళం తిప్పవద్దు, సెల్ఫ్ నొక్కవద్దు, మీటరు ఫ్యూజు పోతుంది.

గడియారం, అలారం లేని పాత బండిలో ఒక మిల్లీ ఆంపియర్ దాటడానికి కారణం ఉండదు. 10 మిల్లీ ఆంపియర్లు కారుతుంటే రోజుకు 0.24 ఆంపియర్-అవర్, అంటే 2.5 ఆంపియర్-అవర్ బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ. యూనిట్ కప్లర్ ఊడదీయగానే అంకె సున్నాకు పడితే యూనిట్ వెనక్కి కరెంటు వదులుతోంది. పడకపోతే తర్వాత తగిలించిన అలారం, జీపీఎస్, మొబైల్ ఛార్జర్ వంటివాటిని ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఆపై తాళం స్విచ్ కప్లర్‌ను చూడండి.

అదనపు లైట్ల విషయంలో లెక్క నిర్దయగా ఉంటుంది. 55 వాట్ల ఫాగ్ లైటు 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. 2.5 ఆంపియర్-అవర్ బ్యాటరీ దానికి అరగంట కూడా చాలదు, ఈ బండి కాయిల్ ఆ లోటు పూడ్చలేదు. అది వైరింగ్ లోపం కాదు, ఆ లైటు తీసేయడమే మందు.

10. బిగించాక సరిచూడవలసినవి

- కప్లర్లన్నీ క్లిక్ మనేదాకా కూర్చున్నాయా, లాగినా ఊడకుండా ఉన్నాయా
- హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పినప్పుడు ఏ తీగా బిగుసుకోకుండా ఉందా
- సైలెన్సర్‌కూ, చైనుకూ, ట్యాంకు అంచుకూ తీగలు దూరంగా ఉన్నాయా
- 4వ భాగంలోని మూడు కొలతలు, 5వ భాగంలోని జంటలు మళ్లీ తీసి పాతవాటి పక్కన రాశారా
- ఫ్యూజు రేటింగ్ మాన్యువల్‌లో ఉన్నదేనా

అరగంట నడిపి వచ్చి, వేడి మీదే ఫ్యూజు గూటినీ యూనిట్ కప్లర్‌నూ వేళ్లతో తాకి చూడండి. యూనిట్ డబ్బా వెచ్చగా ఉండటం మామూలే, కప్లర్ మాత్రం చుట్టూ గాలి ఎంత వేడిగా ఉందో అంతే ఉండాలి. వారం తర్వాత ఉదయం, బండి స్టార్ట్ చేయకముందు బ్యాటరీ వోల్టేజీ మరోసారి కొలవండి. 12.6 దగ్గర నిలిస్తే పని పూర్తయినట్టే. 12.3 లోపు ఉంటే, పగటి ఛార్జింగ్ కొలత సరిగా ఉన్న పక్షంలో 9వ భాగాన్నీ, లేకుంటే 5వ భాగాన్నీ మళ్లీ మొదటి నుంచి చేయండి.